చీటీలంటించిన మర్యాద

ఇటీవల నొకనాటి సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు తల్లిని వెంటబెట్టుకొని నరసరావుపేటలోని మా యింటికి వచ్చెను. ఉన్నతవిద్యకై అతడు జర్మనీదేశమునకు పోవుచున్నాడు. ప్రయాణసన్నాహములలో నెవరో అతనికొక చిన్న పుస్తకము నిచ్చిరట. ఐరోపాదేశములలో విందులయందును, వర్తకులు కూడిన సభలయందును ఎట్లు మెలగవలయునో దేశమునకొక పుట చొప్పున అందు వ్రాయబడియున్నది. "మాస్టారూ, ఇది సరిగా ఉన్నదేమో ఒకసారి చూచి చెప్పండి" అని అతడు దానిని నా చేతిలో పెట్టెను. తల్లి మాత్రము పుస్తకమువంక చూడలేదు. "అవన్నీ వాడు నేర్చుకుంటాడు లెండి. అక్కడివాళ్ళు మావాణ్ణి ఏమని పిలుస్తారండీ? మీరంటారా, నువ్వంటారా?" అని యడిగినది. నేనారాత్రి పుస్తకమంతయు చదివితిని. ఆమె ప్రశ్నకు అందు సమాధానము దొరకలేదు. ఆ పుస్తకమును గూర్చియు, ఆ ప్రశ్నను గూర్చియు నాకు తోచిన నాలుగు మాటలు ఈ పత్రికాముఖమున చదువరులకు విన్నవించుచున్నాను.

ముందు పుస్తకములోని గుణమును చెప్పుట న్యాయము. ఫ్రాన్సులో అంగడిలో నడుగుపెట్టినవాడు వస్తువు నడుగుటకు ముందు అంగడివానికి శుభోదయము చెప్పవలెననియు, చెప్పనివానిని మోటవానిగా నెంతురనియు అందు గలదు. ఇది నిజము. స్వీడను, ఫిన్లండు దేశములలో పరుల యింట ప్రవేశించునప్పుడు పాదరక్షలు విప్పుదురని కలదు. ఇదియు నిజమే, మన యిల్లాండ్రు మెచ్చుకొనదగిన ఆచారము. రుష్యాలో పూలగుత్తి నిచ్చునప్పుడు పూలు బేసిసంఖ్యలో నుండవలెననియు, సరిసంఖ్య అంత్యక్రియలకు చెల్లుననియు కలదు. బల్గేరియాలో తల యడ్డముగా నూపిన అవుననియే అర్థమట. తల యెటు నూపినను కొంత అవును, కొంత కాదు అని సర్దుకొను మనవారికి ఇది యంత కొత్తగా నుండదు. ఇట్టి వివరములు తెలిసియుండుట మంచిది. తెలియక చేసిన తప్పును ఎదుటివాడు క్షమించునేమో కాని, మరచిపోడు.

అయితే ఈ వివరములకు పైన ప్రతి పుట మొదటను ఆయా జాతిస్వభావము ఒక్క వాక్యములో తేల్చి చెప్పబడినది. జర్మనుడు కాలము తప్పడు. ఫ్రెంచివాడు భోజనమునొద్ద తొందరపడడు. హాలండువాడు మనసులోని మాట మొగముమీదనే చెప్పును. ఆంగ్లేయుడు వానను గూర్చియు ఎండను గూర్చియు మాటాడక అసలు పనికి రాడు. ఇటలీవాడు చేతులతో మాటాడును. ఇదియే ఈ పుస్తకమునందలి మొదటి దోషము. జర్మనీలోనే దక్షిణమున బవేరియావారు దేవుని పేర పలుకరించుకొందురు. ఉత్తరమున హాంబుర్గువారు ఒక్క పొట్టిమాటతో సరిపెట్టుకొందురు. బెల్జియము చిన్న దేశమే. అందు సగము డచ్చిభాష, సగము ఫ్రెంచిభాష. ఎవరైన పరదేశి "భారతీయుడు చేతితో తినును, ఆలస్యముగా వచ్చును" అని మనకొక పుట కేటాయించిన మనము నవ్వుదుము. మాచర్లవానికిని భీమవరమువానికిని విందు మర్యాదలో ఎంత భేదమున్నదో మనకు తెలియును గనుక నవ్వుదుము. ఆ నవ్వుటకు తగిన తెలివి పరదేశముల పుటలను చదువునప్పుడు మనకెందుకు లేకపోవలెను?

రెండవ దోషము దీనికంటె పెద్దది. ఇట్లు చేయుము, అట్లు చేయకుము అనుటయే కాని, ఏ యాచారము ఎందుకు పుట్టినదో, దానివలన ఎవరికి గౌరవము కలుగుచున్నదో, ఎవరు దాని వెలుపల నిలిచిపోయిరో అందు విచారణ లేదు. మర్యాద యను సంస్కృతపదమునకు హద్దు, పొలిమేర, సముద్రము దాటని గట్టు అని మొదటి యర్థము. ఇద్దరు మనుష్యులలో ఎవడు నెవని హద్దులోనికి జొరబడకుండ కాపాడునది మర్యాద. ఇంగ్లీషువారు దీనికి వాడు 'ఎటికెట్' అను మాట ఫ్రెంచిభాషనుండి వచ్చినది. ఆ భాషలో దాని మూలార్థము వస్తువుమీద నంటించు చీటీ. ఈ పుస్తకకర్త తనకు తెలియకుండగనే ఆ పదమును మూలార్థమునకు మరల్చినాడు: ఒక్కొక్క జాతి నుదుట ఒక్కొక్క చీటీ నంటించి ఊరకున్నాడు.

ఐరోపావారిని పరీక్షించి చూచుట మన ప్రాంతమువారికి కొత్త కాదు. ఒకప్పుడు ఈ చీటీలు లేకుండగనే మన పెద్దలు వారిని వేర్వేరుగా గుర్తించిరి. బుడతకీచులు, వలందులు, పరాసులు, ఇంగ్లీషువారు అని నాలుగు జాతులకు నాలుగు పేర్లు పెట్టిరి. మచిలీబందరులో వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము నేటికిని ఆ పేర్లతోనే యున్నవి. ఏలుబడి వచ్చిన తరువాత వీరందరును కలసి 'దొర' యనెడి ఒక్క మాటలో మునిగిపోయిరి. దొరకు దండము పెట్టవచ్చును. దొరను పోల్చి చూడరాదు. వర్తకునిగా వచ్చినవానినే మనము సరిగా చూచితిమి.

డచ్చివారు మచిలీబందరులో 1605 ప్రాంతమున వర్తకశాల పెట్టిరి. ఇంగ్లీషువారి ఓడ 1611లో వచ్చినది. ఫ్రెంచివారు 1669లో గోలకొండ సుల్తానుచేత ఫర్మానా పొందిరి. దానిని సంపాదించినవాడు మర్కారా యను ఆర్మీనియా వర్తకుడు. ఈ వర్తకుల దృష్టి బందరు బట్టలమీదనే కాక, కృష్ణ కుడిగట్టున మన పల్నాటి సీమలోని కొల్లూరి వజ్రపు గనులమీదను పడినది. పులిచింతల జలాశయపు నీట మునిగిన ఆ కొల్లూరే ఒకనాడు లోకమంతటి రత్నవర్తకులకు యాత్రాస్థలము. ఆ కాలమున వచ్చినవారిలో మువ్వురి వ్రాతలు నాకు లభించినవి. మన శిష్యుని పుస్తకముతో పోల్చి చూడదగినవి అవి.

మొదటివాడు షోరర్ అను డచ్చి ఉద్యోగి. అతడు తన కంపెనీ పెద్దలకు పంపిన నివేదిక ప్రధానముగా సరకుల లెక్క. ఏ వస్తువు ఎచ్చట దొరకును, దేనిని తెచ్చిన లాభము వచ్చును అనునంతవరకే అతని చూపు. అది తప్పు కాదు. అడిగినదానికి జవాబు చెప్పినాడు. రెండవవాడు విలియం మెథ్వోల్డు. ఇతడు 1618 మొదలు 1622 వరకు మచిలీబందరులో ఇంగ్లీషు వర్తకుల పెద్ద. డచ్చి వర్తకులతో కలసి వజ్రపు గనికి పోయి, అచ్చట 30,000 మంది పనిచేయుచుండిరని వ్రాసినాడు. అతని వ్రాత 1626లో అచ్చుపడినది. సరకులతోపాటు కులములు, పెండ్లిండ్లు, సహగమనము మొదలగువానిని గూర్చియు అతడు వ్రాసినాడు. చూచినదానిని శ్రద్ధగా చెప్పును. తీర్పు మాత్రము తన మతమునుబట్టి తీర్చును. ఆంగ్లేయులును డచ్చివారును ఇట్లు కలసిమెలసి తిరిగిన కొలదికాలమునకే, 1623లో, అంబోయినా దీవిలో డచ్చివారు పదిమంది ఆంగ్లేయుల తలలు నరికించిరి. ఐరోపావారందరు నొక్కటే యనుకొనువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

మూడవవాడు టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు. 1605లో పారిసున పుట్టి, తూర్పుదేశములకు ఆరుమారులు ప్రయాణము చేసి, 1676లో తన గ్రంథమును ప్రకటించినాడు. కంపెనీ నౌకరు కాడు. తన సొమ్ము, తన నష్టము. అందువలననే కాబోలు, ఎదుటివాని బేరపు మర్యాదను అతడు చూచినంత జాగ్రత్తగా మిగిలిన యిద్దరును చూడలేదు. రావల్కొండ యని అతడు పేర్కొన్న గనియొద్ద మన వర్తకులు బేరమాడిన తీరును ఇట్లు వర్ణించినాడు. కొనువాడును అమ్మువాడును ఎదురెదురుగా కూర్చుందురు. అమ్మువాడు కొనువాని కుడిచేతిని పట్టుకొని నడికట్టు గుడ్డతో కప్పును. చేయి మొత్తము పట్టిన వేయి. ఎన్నిమారులు నొక్కిన అన్ని వేలు. అయిదు వ్రేళ్ళు పట్టిన అయిదువందలు. ఒక్క వ్రేలు నూరు. వ్రేలి నడిమి కణుపువరకు ఏబది. కొన కణుపు పది. చుట్టును ఎందరున్నను ఒక్కమాటయైన పలుకకయే బేరము ముగియును. పశువుల సంతలో తువాలు చాటున వ్రేళ్ళు పట్టి బేరము తీర్చు దళారులను చూచిన పెద్దలు మనలో నింకను ఉన్నారు గనుక, ఇది మనకు కట్టుకథవలె తోపదు.

ఇంకొక దృశ్యము. పది మొదలు పదునారేండ్ల లోపు వర్తకుల పిల్లలు ఉదయమున ఊరి నడుమ చెట్టు క్రింద చేరుదురు. ఒక్కొక్కని ప్రక్క నొక త్రాసుసంచి, వేరొక ప్రక్క 500, 600 వరహాలు పట్టిన డబ్బుసంచి. ఎవడైన వజ్రము తెచ్చిన అందరిలో పెద్దవాని చేతికిచ్చును. అది మాట లేకుండ చేయి మారి చేయి మారి అందరును చూచిన పిమ్మట తిరిగి పెద్దవానిని చేరును. అప్పుడు అతడు బేరమాడును. సాయంకాలమున లాభము పంచుకొందురు. పెద్దవానికి నూటికి పావువంతు మాత్రము ఎక్కువ. మరియొకచోట, చింకిగుడ్డ తలకు చుట్టుకొని వచ్చిన బీదవానివంటివా డొకడు, పరిజనులను దూరముగా పంపించి, తలముడి విప్పి అందుండి 48½ కారట్ల వజ్రమును తీసి చూపెనట. వేషమును చూచి మనిషిని నిర్ణయింపరాదని టావెర్నియే అచ్చట నేర్చుకొనెను. చీటీల పుస్తకము వ్రాసినవాడు నేర్వని పాఠమిది.

ఇంతవరకు టావెర్నియేను మెచ్చుకొంటిమి. ఇక అతని లోపము. ఆ గనియొద్దనే పనివానికి ఏడాదికి 3 వరహాలు మాత్రమే ముట్టునని అతడే వ్రాసినాడు. రాళ్ళు దాచుకొందురేమోయని 50 మంది పనివారికి 12 మొదలు 15 మంది కావలివారట. కొల్లూరిలో 60,000 మంది పనిచేయుదురని, మగవారు త్రవ్వగా ఆడువారును పిల్లలును మన్ను మోయుదురని వ్రాసినాడు. లెక్క కట్టి చూడుడు. చెట్టుక్రింది బాలుని సంచిలోని 600 వరహాలు ఒక పనివానికి రెండువందల యేండ్ల కూలి. ఒక పిల్లవాడు వరహాల సంచితో నీడన కూర్చున్నాడు; అదే యీడు పిల్లవాడు ఎండలో మన్ను మోయుచున్నాడు. రెండు దృశ్యములను ఆ గ్రంథకర్త కొలది పుటల యెడముతో వ్రాసియు, ఆ రెంటిని కలిపి చూడలేదు. గుడ్డక్రింద చేయి పట్టుకొను సున్నితపు మర్యాద వర్తకునికి వర్తకునికి నడుమనే. పనివానియెడ ఏ మర్యాదయు లేదు; కావలి మాత్రమే కలదు.

నా మతమున ఏ దేశపు మర్యాదనైనను పరీక్షించుటకు ఒరగల్లు ఇదియే. అది సమానులనడుమ ఎంత యందముగా నున్నదనుట చాలదు. తనకంటె తక్కువవాడని తలచినవానివరకు అది పోవునా, పోదా? ఈ ప్రశ్నతో ఐరోపాను చూచితిమేని చీటీలపుస్తకములో కనబడని భేదములు కనబడును.

బేరముయొక్క సంగతియే చూడుడు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో జార్జి ఫాక్సు స్థాపించిన క్వేకర్ల సమాజమువారు, ఇచ్చుటకు సిద్ధపడిన వెలకంటె ఎక్కువ చెప్పుట అసత్యమని నిశ్చయించి, అందరికిని ఒక్కటే వెల యని తమ యంగళ్ళలో నియమము పెట్టుకొనిరి. మొదట కొనువారు వారిని విడిచిపోయిరి. పిమ్మట, పిల్లవానిని పంపినను పెద్దవానికిచ్చిన వెలకే యిత్తురని తెలిసి తిరిగి వచ్చిరి. వాదింపలేనివాడు, మొగమాటస్థుడు, లెక్క రానివాడు మోసపోకుండ నుండు మర్యాద యది. 1852 తరువాత పారిసులో బూసికో యను వర్తకుడు బాన్ మార్షే యను పెద్ద యంగడిలో వస్తువులమీద వెల వ్రాసియుంచెను. ఆ వెలచీటీకి ఫ్రెంచిలో పేరేమి? ఎటికెట్టే! వస్తువున కంటించిన చీటీ బీదవానికి మేలు చేసినది; మనిషికంటించిన చీటీ ఎవరికిని మేలు చేయదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వచ్చెదను. మీరు, నువ్వు అను భేదము ఐరోపా భాషలలో అనేకమునకు కలదు. ఆ భేదమువలన కలుగు అవమానమును పోగొట్టుటకు వారు త్రొక్కిన త్రోవలు మాత్రము వేర్వేరు. స్వీడనులో పూర్వము ఎదుటివాని యుద్యోగమో బిరుదమో తెలియనిదే పిలుచుటయే కష్టముగా నుండెను. 1967లో ఆ దేశపు వైద్యశాఖాధిపతి బ్రూర్ రెక్సెడ్ తన కార్యాలయమునందందరిని పేరు పెట్టి నువ్వనియే పిలిచెదనని ప్రకటించెను. అప్పటికే మొదలైన యా మార్పు కొలదియేండ్లలో దేశమంతట వ్యాపించినది. పోలండులో నట్లు కాదు. ప్రభువులకు మాత్రము చెల్లిన 'పాన్' అను గౌరవపదమును క్రమముగా అందరికిని వాడసాగిరి. నేడు అంగడివాడును 'పాన్', బండి తోలువాడును 'పాన్'. ఇంగ్లీషులో నువ్వనుటకున్న మాటయే వాడుకలోనుండి జారిపోయి, గౌరవవాచకమైన బహువచనమే అందరికిని మిగిలినది. క్వేకర్లు దీనికి ఎదురుగా రాజుకైనను సేవకునికైనను ఏకవచనమే యని పట్టుబట్టి చెరసాలలకు పోయిరి. ఒకరు అందరిని దింపి సమానము చేసిరి. ఒకరు అందరిని ఎత్తి సమానము చేసిరి. జర్మనీ, ఫ్రాన్సు దేశములు రెండు మాటలను నిలుపుకొన్నవి. కాని పని చేయువాడును చేయించుకొనువాడును పరస్పరము ఒకే మాట వాడుకొనుట అచ్చట మర్యాద. పైవాడు నువ్వని, క్రిందివాడు మీరని పలుకుట వయస్సు వచ్చినవారి మధ్య నేడు చెల్లదు.

మరునాడు వారు వచ్చినప్పుడు నేనిట్లు చెప్పితిని: "అమ్మా, ఆచార్యులు మీవానిని మీరనియే పిలుస్తారు. తోటి విద్యార్థులు నువ్వంటారు. అది చిన్నచూపు కాదు, చనువు." ఆమె కొంతసేపు ఊరకుండి, "ముక్కుమొగం తెలియని పిల్లవాణ్ణి మీరంటారా? మంచివాళ్ళే" అన్నది. ఆ మాట నన్ను వదలలేదు. మనమేమి చేయుచున్నాము? మిరపచేలలో కాయలు కోయుటకు వచ్చిన యరువదేండ్ల ముదుసలిని ఇరువదేండ్ల ఆసామి కొడుకు 'ఏమే' యని పిలుచుట మన సీమలో వినని చెవి యున్నదా? పిడుగురాళ్ళ సున్నపు బట్టీలయొద్ద కూలివానికి 'మీరు' అను మాట ఎన్నిమారులు దక్కినది? బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని మనము గర్వముతో చెప్పుకొందుము. కారెంపూడి ఉత్సవములో దానిని నేటికిని జరిపింతుము. ఏడాదికొక దినము కూటిలో సమత్వమును, మిగిలిన దినములు మాటలో హీనత్వమును నిలుపుకొనుట బ్రహ్మనాయుని స్మరించుట కాదు.

ఇతరులను చెప్పుటకు ముందు నా సంగతి చెప్పుకొనవలెను. మా పాఠశాలలో నీళ్ళు పట్టిపెట్టు వృద్ధుడొకడు కలడు. నాకంటె పదునైదేండ్లు పెద్ద. ఇన్నియేండ్లు నేనాయనను 'ఓయ్' అని పిలిచితిని. నిన్న మొన్న ఉద్యోగములో చేరిన కుర్ర గుమాస్తాను 'అండీ' యని పిలిచితిని. సంస్కృతము చదివితిని, ఇంగ్లీషు చదివితిని. మర్యాదయను పదమునకు వ్యుత్పత్తి పిల్లలకు నేర్పితిని. ఆ తల్లి మాట విన్న మరునాడు ఆయనతో "మీరు భోజనం చేశారా?" అంటిని. ఆయన జవాబు చెప్పలేదు. తన వెనుక ఎవరు నిలుచున్నారో యని తిరిగి చూచెను. ఎవరును లేరు.

మన భాషకు స్వీడను త్రోవ కుదురునని నేననుకొనను. తల్లి బిడ్డను, స్నేహితుడు స్నేహితుని నువ్వనుటలోని తీపిని పోగొట్టుకొనవలసిన పనిలేదు. కాని జీతమో కూలియో యిచ్చి పని చేయించుకొనునప్పుడు, వెల యిచ్చి వస్తువు కొనునప్పుడు, ఆఫీసు బల్లకు ఈవలను ఆవలను నిలిచినప్పుడు, ఎదుటివాడెవడైనను మీరనియే పలుకుట మనకు సాధ్యమే. దీనికి చట్టమక్కరలేదు, సభ లక్కరలేదు. యింటి యిల్లాలు పాలు తెచ్చినవానితో రేపు ఉదయముననే ప్రారంభింపవచ్చును. పిల్లలు వినుచుందురు, వారికి వేరుగ నేర్పనక్కరలేదు.

శిష్యుని పుస్తకమును తిరిగి యిచ్చివేసితిని. పాదరక్షలను, పూలను, పలుకరింపులను గూర్చిన పంక్తులక్రింద గీతలు గీచి యుంచితిని, అవి చదువుకొనుమంటిని. ప్రతి పుట మొదటనున్న జాతిస్వభావపు వాక్యమును కొట్టివేసి, ఆ చోటును ఖాళీగా విడిచితిని. అచ్చటికి పోయి మనుష్యులను చూచిన పిమ్మట, వ్రాయవలెనని తోచిన అతడే వ్రాసుకొనును.